చిట్టెలుక చెప్పిన సాక్ష్యం

అమెరికాలోనో ఇంగ్లండులోనో స్థిరపడిన ఒక తెలుగు రోగికి రుమటాయిడ్ కీళ్ళవాతమో, పేగులకు సంబంధించిన క్రోన్స్ వ్యాధో ఉన్నదనుకుందాం. మాత్రలతో ఇక లాభం లేదని తేలాక, టి.ఎన్.ఎఫ్. అనే ప్రోటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్ మొదలుపెడదామంటారు వైద్యులు. దానికి ముందు నర్సు కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. పుట్టింది ఏ దేశంలో? ఇంట్లో ఎవరికైనా క్షయ వచ్చిందా? ఈ మధ్య స్వదేశం వెళ్ళివచ్చారా? చాలామందికి ఈ ప్రశ్నలు చివుక్కుమనిపిస్తాయి. కీళ్ళ నొప్పికీ, పుట్టిన ఊరికీ, ఎప్పుడో తాతగారికి వచ్చి తగ్గిపోయిన క్షయకూ సంబంధమేమిటని విసుక్కుంటారు. సంబంధం ఉంది. అది మొదట బయటపడింది మనుషుల్లో కాదు, ప్రయోగశాలల్లోని చిట్టెలుకల్లో.

శోథ అంటే ఏమిటో ముందు చెప్పుకోవాలి. ఇంగ్లీషులో ఇన్‌ఫ్లమేషన్ అనే మాటకు తెలుగులో సరితూగే మాట ఇంకా స్థిరపడలేదు. ‘వాపు’ అందరికీ తెలిసినదే కాని, ఎరుపు, వేడి, వాపు, నొప్పి అనే నాలుగు లక్షణాల్లో అది ఒక్కదాన్నే చెబుతుంది. ఆయుర్వేదం నుంచి వచ్చిన ‘శోథ’కు కూడా మూలార్థం వాపే అయినా, అది కొంత విశాలమైన అర్థంలో వాడుకలో ఉంది కనుక ఇక్కడ అదే నయం. వేలికి ముల్లు గుచ్చుకుంటే రెండు గంటల్లో ఆ చోటు ఎర్రబడి, వేడెక్కి, సలుపుతుంది. అది రోగం కాదు, రక్షణ. తెల్లకణాలు అక్కడికి చేరి, చొరబడిన సూక్ష్మజీవులను చంపి, చెత్తను ఊడ్చి, వెళ్ళిపోతాయి. పని అయిన తరువాత కూడా అవి వెళ్ళకపోతే, అసలు ముల్లే లేనిచోట చేరి కూర్చుంటే, అది రోగం. రుమటాయిడ్ కీళ్ళవాతంలో అవి కీలు లోపలి పొరలో తిష్ఠ వేసి మృదులాస్థినీ ఎముకనూ కొరుకుతాయి. క్రోన్స్ వ్యాధిలో పేగు గోడను పుండు చేస్తాయి.

ఈ కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది సైటోకైన్లు అనే చిన్న ప్రోటీన్ల ద్వారా. వాటిలో ఒకటి టి.ఎన్.ఎఫ్., అంటే ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్. 1975లో న్యూయార్క్‌లో లాయిడ్ ఓల్డ్ బృందం దీన్ని గుర్తించినప్పుడు, ఎలుకల్లో కణితులను మాడ్చివేసే పదార్థంగా గుర్తించింది. అందుకే ఆ పేరు. పదేళ్ళ తరువాత, దీర్ఘరోగాల్లో శరీరం చిక్కి శల్యమయ్యేటట్లు చేసే పదార్థం కోసం వెతుకుతున్న బ్రూస్ బాయిట్లర్, ఆంథొనీ సెరామీలకు తాము పట్టుకున్నదీ ఇదేనని తెలిసింది. పేరు ఒకటి, పని మరొకటి. జీవశాస్త్రంలో ఇది కొత్తేమీ కాదు.

1980ల చివరికి రుమటాయిడ్ రోగుల కీళ్ళ నుంచి తీసిన ద్రవంలో టి.ఎన్.ఎఫ్. ఉన్నదని తెలుసు. కాని అదొక్కటే లేదు. ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6, ఇంకా ఎన్నో ఉన్నాయి. పెళ్ళిపందిట్లో రెండువందల మంది హడావుడిగా తిరుగుతుంటే, వీధిలో నిలబడి చూసేవారికి పెళ్ళిపెద్ద ఎవరో తెలియదు. లండన్‌లోని కెనడీ ఇన్‌స్టిట్యూట్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైనీల బృందం 1989లో ఒక ఆధారం చూపింది. రోగుల కీళ్ళ పొర నుంచి తీసిన కణాలను గాజుపాత్రలో పెంచి, టి.ఎన్.ఎఫ్.ను ఒక ప్రతిరక్షకంతో కట్టేస్తే, ఇంటర్‌ల్యూకిన్-1 ఉత్పత్తి కూడా తగ్గిపోయింది. అంటే టి.ఎన్.ఎఫ్. పై మెట్టు మీద ఉన్నది. అయినా గాజుపాత్రలోని కణాలకు నడక ఉండదు, కుంటి ఉండదు. టి.ఎన్.ఎఫ్. ఒక్కటే ఎక్కువైతే బతికున్న ప్రాణికి కీళ్ళవాతం వస్తుందా? ఈ ప్రశ్న మనిషిని పెట్టి అడగలేము.

అడగడానికి వీలైన సాధనం అప్పటికే సిద్ధమవుతూ ఉంది. 1980 ప్రాంతం నుంచి, ఫలదీకరణం చెందిన చిట్టెలుక అండంలోకి సన్నని గాజుసూదితో బయటి జన్యువును ఎక్కించి, ఆ అండాన్ని మరో ఆడ ఎలుక గర్భంలో పెంచడం సాధ్యమైంది. పుట్టిన పిల్లల్లో కొన్నింటి కణాలన్నిటిలో ఆ జన్యువు ఉంటుంది. వాటి సంతానానికీ సంక్రమిస్తుంది. ఇది జన్యువును చేర్చే పద్ధతి. ఉన్న జన్యువును తీసివేసే పద్ధతి 1980ల చివర వచ్చింది. పిండ మూలకణాలను పాత్రలో పెంచి, వాటిలో ఎంచుకున్న ఒక్క జన్యువును చెడగొట్టి, ఆ కణాలను తొలిదశ పిండంలో కలిపితే, రెండు మూడు తరాల్లో ఆ జన్యువు బొత్తిగా లేని ఎలుకలు దొరుకుతాయి. మారియో కపెక్కి, మార్టిన్ ఇవాన్స్, ఆలివర్ స్మిథీస్‌లకు 2007లో నోబెల్ బహుమతి వచ్చింది ఇందుకే. ఒకప్పుడు ఏడాదికి పైగా పట్టిన పనిని ఇప్పుడు క్రిస్పర్ కత్తెరతో కొన్ని వారాల్లో ముగిస్తున్నారు.

ఏథెన్స్‌లోని హెలెనిక్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో జార్జ్ కోలియాస్ బృందం చేసిన పని 1991లో వెలువడింది. వాళ్ళు మనిషి టి.ఎన్.ఎఫ్. జన్యువును చిట్టెలుకలో పెట్టారు. అయితే ఉన్నదున్నట్లుగా కాదు, తోకను మార్చి. ఈ తోక సంగతి కొంచెం వివరంగా చెప్పుకోదగ్గది.

జన్యువు నుంచి ప్రోటీన్ తయారయ్యే ముందు సందేశ ఆర్.ఎన్.ఏ. అనే నకలు తయారవుతుంది. టి.ఎన్.ఎఫ్. సందేశానికి చివర, ప్రోటీన్‌గా మారని భాగంలో, ఏ, యూ అనే అక్షరాలు పదేపదే వచ్చే ఒక వరుస ఉంటుంది. ఆ వరుస ఉన్న సందేశాన్ని కణం ఎక్కువసేపు ఉంచుకోదు. తెలుగునాట చావుకబురు మోసుకొచ్చిన కార్డును చదివిన వెంటనే చింపేసేవారు, ఇంట్లో ఉంచుకోకూడదు. టి.ఎన్.ఎఫ్. సందేశం అలాంటి కార్డు. కబురు అందాలి, కార్డు మిగలకూడదు. శోథ వచ్చినంత త్వరగా సద్దుమణగడానికి ఉన్న ఏర్పాట్లలో ఇది ఒకటి. కోలియాస్ బృందం ఆ తోకను కత్తిరించి, దాని స్థానంలో హీమోగ్లోబిన్‌లోని బీటా గ్లోబిన్ జన్యువు తోకను అతికించింది. గ్లోబిన్ సందేశం చాలాకాలం నిలిచేది. ఇప్పుడు కార్డు చిరగడం లేదు. కబురు మళ్ళీ మళ్ళీ చదవబడుతూనే ఉంది.

ఆ ఎలుకపిల్లలు మామూలుగానే పుట్టాయి. మూడు నాలుగు వారాల వయసులో చీలమండలు వాచాయి. తొమ్మిది పది వారాలకు వెనుక కాళ్ళు పూర్తిగా పట్టేశాయి. కీళ్ళను కోసి చూస్తే కీలు పొర దళసరి కావడం, మృదులాస్థి అరగడం, ఎముక కొరుక్కుపోవడం కనిపించాయి. మనిషి టి.ఎన్.ఎఫ్.ను పట్టుకునే ప్రతిరక్షకాన్ని పుట్టిన నాటి నుంచి ఇచ్చిన పిల్లల్లో ఇవేవీ రాలేదు. ఒక్క అణువు ఎక్కువైతే చాలు, కీళ్ళవాతం వస్తుంది. దాన్ని తీసేస్తే రాదు. అంతవరకు అనుమానితుల్లో ఒకటిగా ఉన్న టి.ఎన్.ఎఫ్. ఇప్పుడు ముద్దాయి అయింది.

1992లో లండన్‌లోని ఛేరింగ్ క్రాస్ ఆసుపత్రిలో, ఏ మందుకూ లొంగని 20 మంది రుమటాయిడ్ రోగులకు ఫెల్డ్‌మన్, మైనీల బృందం టి.ఎన్.ఎఫ్. ప్రతిరక్షకాన్ని ఇచ్చి చూసింది. తరువాత ఇన్‌ఫ్లిక్సిమాబ్ అని పేరు పొందిన మందు అదే. దాని ఒంట్లోనూ ఎలుక ఉంది: టి.ఎన్.ఎఫ్.ను పట్టుకునే కొస, దాదాపు నాలుగో వంతు, ఎలుకది. తక్కిన మూడు వంతులు మనిషివి. 1994లో 73 మందితో, ఉత్తుత్తి మందుతో పోల్చి చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. నాలుగు వారాలకు, ఉత్తుత్తి మందు తీసుకున్న 24 మందిలో ఇద్దరికి మేలు కనిపించింది. ఎక్కువ మోతాదు తీసుకున్న 24 మందిలో 19 మందికి. కీళ్ళవాతం వైద్యంలో ఇంత తేడా అరుదు.

తెలుగువారు ఇక్కడ గుర్తుంచుకోదగ్గ సంగతి ఒకటుంది. శరీరం ఆ ఎలుక భాగాన్ని పరాయిదిగా గుర్తుపట్టి, మందుకే ప్రతిరక్షకాలు తయారుచేసుకోవడం వల్ల కొంతకాలానికి మందు పట్టు తప్పేది. మెథోట్రెక్సేట్‌ను చిన్న మోతాదులో కలిపి ఇస్తే ఆ బెడద తగ్గుతుందని 1998లో మైనీ బృందం చూపింది. మెథోట్రెక్సేట్ పుట్టింది లెడర్లీ ప్రయోగశాలలో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన విభాగాన్ని నడిపిన కాలంలో. ల్యుకీమియా కోసం మొదలైన ఆ మందుల కుటుంబమే ఈనాటికీ కీళ్ళవాతం చికిత్సకు పట్టుకొమ్మ. తరువాత వచ్చిన గోలిముమాబ్ అనే మందులో ఎలుక ప్రోటీన్ బొత్తిగా లేదు. కాని దాన్ని తయారుచేసిపెట్టింది కూడా ఎలుకే: సొంత ప్రతిరక్షక జన్యువులకు బదులు మనిషి జన్యువులను పెట్టుకున్న ఎలుక.

ఇంతవరకు కథ సాఫీగా ఉంది. ఇలాంటి సాఫీ కథలు విన్నవారు, ఎలుకకు నయమైతే మనిషికి నయమైనట్లే అనుకోవడం సహజం. ఆ లెక్క తప్పిన చోట్లు తక్కువేమీ కావు.

రక్తంలో సూక్ష్మజీవుల విషం చేరి ప్రాణం మీదికి తెచ్చే సెప్సిస్‌లో, టి.ఎన్.ఎఫ్.ను అడ్డుకుంటే ఎలుకలు బతుకుతాయని 1985లోనే తెలిసింది. మనుషుల్లో ఆ ఆశ ఫలించలేదు. 1996లో వెలువడిన ఒక పరీక్షలో ఎక్కువ మోతాదు ఇచ్చిన వారిలో మరణాలు పెరిగాయి కూడా. మల్టిపుల్ స్క్లెరోసిస్‌దీ అదే తంతు. ఎలుకల్లో ఆ రోగానికి నమూనాగా వాడే మెదడు శోథ టి.ఎన్.ఎఫ్.ను అడ్డుకుంటే తగ్గింది. 1999లో వెలువడిన లెనర్‌సెప్ట్ పరీక్షలో రోగులకు దాడులు తగ్గకపోగా పెరిగాయి. ఇందులో ఒక మెలిక ఉంది. టి.ఎన్.ఎఫ్. జన్యువును పూర్తిగా తీసేసిన ఎలుకల్లో అదే మెదడు శోథ మరింత తీవ్రంగా వస్తుందని 1998లో ఒక బృందం చెప్పింది. టి.ఎన్.ఎఫ్. రెండు గ్రాహకాల ద్వారా పనిచేస్తుందనీ, వాటిలో రెండోది నరాల తొడుగును తిరిగి అల్లే కణాలకు మేలు చేస్తుందనీ 2001లో తేలింది, అదీ జన్యువులు తీసేసిన ఎలుకల్లోనే. కనుక ఎలుక అబద్ధం చెప్పిందనడం కంటే, అడిగినవారు ఒక ఎలుక మాటే విని రెండోదాన్ని పిలవలేదనడం న్యాయం.

ఇంటర్‌ల్యూకిన్-10 ఉదంతం ఇంకా చిత్రమైనది. ఇది శోథను చల్లార్చే సైటోకైన్. జర్మనీలోని కొలోన్‌లో 1993లో ఈ జన్యువును తీసేసిన ఎలుకలకు పేగుల్లో తీవ్రమైన శోథ వచ్చింది. శుభ్రమైన గదుల్లో పెంచితే అది పెద్దపేగుకే పరిమితమైంది. సూక్ష్మజీవి అన్నదే లేని బోనుల్లో పెంచితే రానేలేదు. పేగులోని మామూలు బాక్టీరియాతో సహజీవనం చేయడానికే ఈ ప్రోటీన్ అవసరమని అర్థమైంది. లేకపోవడం వల్ల రోగం వస్తున్నది కనుక ఇస్తే తగ్గుతుందని తలచి, క్రోన్స్ రోగులకు ఇంటర్‌ల్యూకిన్-10 ఇంజెక్షన్లు ఇచ్చారు. చెప్పుకోదగ్గ మేలు కలగలేదు. చాలామంది ఆ ఎలుకను పక్కన పెట్టేశారు. పదహారేళ్ళ తరువాత, 2009లో, పుట్టిన కొద్దికాలానికే భయంకరమైన పేగు శోథతో కృశించిపోతున్న కొందరు పిల్లల్లో ఇంటర్‌ల్యూకిన్-10 గ్రాహక జన్యువులే చెడి ఉన్నాయని ఒక బృందం కనిపెట్టింది. గ్రాహకం లేనివారికి ప్రోటీన్ ఎంత ఇచ్చినా లాభం లేదు. మూలుగ మార్పిడి చేయాలి. వారిలో ఒక బిడ్డకు అలా చేస్తే రోగం కుదురుకుంది. కొలోన్ ఎలుక చెప్పింది నిజమే. అది పెద్దల్లో వచ్చే మామూలు క్రోన్స్ గురించి కాదు, ఈ పసిపిల్లల గురించి చెప్పింది.

కోలియాస్ బృందమే 1999లో మరో ఎలుకను తయారుచేసింది. ఈసారి ఎలుక సొంత టి.ఎన్.ఎఫ్. జన్యువులోనే ఆ తోక వరుసను తొలగించారు. దీనికి కీళ్ళవాతంతో పాటు చిన్నపేగు చివర క్రోన్స్‌ను పోలిన రోగం కూడా వచ్చింది. లింఫోసైట్లు బొత్తిగా లేని ఎలుకలతో దాన్ని జతకట్టిస్తే, సంతానంలో కీళ్ళవాతం యథాతథంగా వచ్చింది, పేగు రోగం మాత్రం బాగా తగ్గింది. నిప్పు ఒకటే అయినా, కీలులో అది అంటుకునే దారి వేరు, పేగులో వేరు. రోగి శరీరంలో ఈ రెండు దారులనూ విడదీసి చూడటానికి ఉపాయం లేదు.

2013లో ఎలుకల మీదే పెద్ద దుమారం లేచింది. గాయాలు, కాలిన పుండ్లు, ఎండోటాక్సిన్ విషం, ఈ మూడింటికీ మనిషి జన్యువులు స్పందించే తీరుకూ, ఎలుక జన్యువులు స్పందించే తీరుకూ పోలిక దాదాపు లేదని అమెరికాలో ఒక పెద్ద బృందం ప్రకటించింది. ఏడాది తిరిగేసరికి జపాను శాస్త్రజ్ఞులిద్దరు అవే లెక్కలను మరో పద్ధతిలో వేసి, పోలిక బ్రహ్మాండంగా ఉందన్నారు. ఒకే దత్తాంశం నుంచి రెండు వ్యతిరేక తీర్పులు రావడం చూసి నవ్వుకోవచ్చు. కాని అసలు లోపం లెక్కల్లో కంటే బోనులో ఉన్నదని తరువాతి పని సూచించింది. ప్రయోగశాల ఎలుక ఒకే వంశానికి చెందినది, వడపోసిన గాలి పీల్చేది, శుద్ధిచేసిన తిండి తినేది. దాని రోగనిరోధక వ్యవస్థ పెద్దవాడిదానికంటే అప్పుడే పుట్టిన శిశువుదానికి దగ్గరగా ఉంటుందనీ, పెంపుడు జంతువుల దుకాణం నుంచి తెచ్చిన ఎలుకలతో కలిపి ఉంచితే పెద్దల వ్యవస్థను పోలివస్తుందనీ 2016లో మిన్నెసోటా పరిశోధకులు చూపారు. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లోని ఒక బృందం ప్రయోగశాల ఎలుకల పిండాలను అడవి ఎలుకల గర్భంలో పెంచింది. జన్యువులు ప్రయోగశాలవి, ఒంటి మీది సూక్ష్మజీవులు అడవివి. 2006లో లండన్‌లో ఆరుగురు ఆరోగ్యవంతులను చావు అంచుకు తీసుకెళ్ళిన టి.జి.ఎన్. 1412 తరహా ప్రతిరక్షకం మామూలు ఎలుకల్లో శోథను అణిచే కణాలను పెంచింది. ఈ ఎలుకల్లో సైటోకైన్ల తుఫాను లేపింది. ఎండోటాక్సిన్ విషం ఎక్కించాక టి.ఎన్.ఎఫ్. మందు మామూలు ఎలుకలను బతికించింది, వీటిని బతికించలేదు. అంటే మనుషుల్లో జరిగిందే జరిగింది.

ఎలుక మాట తప్పిన సందర్భాల గురించి వచ్చినంత చర్చ, ఎలుక సరిగ్గా చెప్పినా మనుషులు వినని సందర్భాల గురించి రాదు. నర్సు అడిగే ఆ ప్రశ్నల వెనుక ఉన్నది అలాంటి సందర్భమే.

క్షయ బాక్టీరియా ఊపిరితిత్తిలో చేరిన చాలామందికి రోగం రాదు. భక్షక కణాలు దాని చుట్టూ మూగి, గ్రాన్యులోమా అనే చిన్న కోటను కట్టి, అందులో బంధిస్తాయి. బాక్టీరియా చావదు, బయటికీ రాదు. దశాబ్దాల తరబడి అలాగే ఉంటుంది. ఆ కోట గోడ నిలవడానికి టి.ఎన్.ఎఫ్. కావాలి. టి.ఎన్.ఎఫ్.ను కట్టేస్తే, బి.సి.జి. ఎక్కించిన ఎలుకల్లో ఈ గ్రాన్యులోమాలు సరిగా ఏర్పడవని 1989లో తెలిసింది. 1995లో, టి.ఎన్.ఎఫ్. మొదటి గ్రాహకం జన్యువును తీసేసిన ఎలుకలకు క్షయ సోకిస్తే, మామూలు ఎలుకలు తట్టుకున్న సూక్ష్మజీవులే వాటిని త్వరగా చంపేశాయి. ఆ పత్రం దాచిపెట్టినదేమీ కాదు, రోగనిరోధక శాస్త్రంలో పేరున్న పత్రికలోనే అచ్చయింది.

ఇన్‌ఫ్లిక్సిమాబ్‌కు అమెరికాలో 1998లో క్రోన్స్ వ్యాధికీ, 1999లో కీళ్ళవాతానికీ అనుమతి వచ్చింది. దానికి ముందు జరిగిన పరీక్షలు ఎక్కువగా అమెరికాలో, పశ్చిమ ఐరోపాలో. కొన్ని వందలమంది మీద. క్షయ అరుదైన చోట వెతికితే అరుదుగానే కనిపిస్తుంది. 2001 అక్టోబరులో 70 కేసుల వివరాలు వెలువడ్డాయి. వారిలో 48 మందికి మూడు లేదా అంతకంటే తక్కువ మోతాదులకే క్షయ బయటపడింది. సగానికి పైగా రోగుల్లో అది ఊపిరితిత్తుల వెలుపల ఉంది. 17 మందిలో ఒళ్ళంతా పాకింది. ఇది కొత్తగా సోకిన క్షయ తీరు కాదు, కోట గోడ కూలితే బయటపడే పాత క్షయ తీరు. ఆరేళ్ళ ముందు ఎలుకల్లో చూసినదాని రూపమే. మందు పెట్టె మీద హెచ్చరిక ఆ ఏడాదే చేరింది. ముందుగా క్షయ పరీక్ష చేయడం మొదలయ్యాక స్పెయిన్‌లో ఇలాంటి కేసులు బాగా తగ్గాయి. ఆ పరీక్ష 1998 నాటికే నియమంగా ఉండి ఉంటే ఆ 70 మందిలో ఎంతమంది తప్పించుకునేవారో ఊహించడం కష్టం కాదు.

ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు భారతదేశంలోనే ఉన్నారు. గుంటూరులోనో కరీంనగర్‌లోనో పెరిగి ఇరవై ఏళ్ళుగా డాలస్‌లో ఉంటున్నవారి ఊపిరితిత్తిలో ఆ చిన్న కోట ఉండే అవకాశం, డాలస్‌లోనే పుట్టినవారికంటే చాలా ఎక్కువ. చిన్నప్పుడు వేసిన బి.సి.జి. టీకా వల్ల చర్మం మీద చేసే పరీక్ష తప్పుగా పాజిటివ్ రావచ్చు. అందుకని ఇంటర్‌ఫెరాన్ గామాను కొలిచే రక్తపరీక్ష మేలు. అందులో వాడే క్షయ ప్రోటీన్లు బి.సి.జి.లో లేవు. అప్పటికే స్టెరాయిడ్లు వాడుతున్నవారిలో ఆ పరీక్ష కూడా తప్పుగా నెగెటివ్ రావచ్చు కనుక, ఎక్స్‌రే, ఇంటి చరిత్ర కూడా చూస్తారు. నిద్రాణమైన క్షయ ఉన్నదని తేలితే నాలుగు నెలల రిఫాంపిసిన్ గానీ, ఆరు నుంచి తొమ్మిది నెలల ఐసోనియాజిడ్ గానీ ఇస్తారు; అది మొదలైన కనీసం నెల తరువాతే సాధారణంగా టి.ఎన్.ఎఫ్. మందు మొదలుపెడతారు. కీళ్ళు పట్టేసి మంచం దిగలేని మనిషికి ఆ నెల బహు దీర్ఘం. అయినా ఆగాలి.

పరీక్ష ఒకసారి నెగెటివ్ వచ్చినంత మాత్రాన సంగతి ముగియదు. మందు వాడుతూ ఏటేటా స్వదేశం వెళ్ళి, నెల రోజులు చుట్టాల ఇళ్ళలో గడిపి, తిరిగివచ్చాక వారాల తరబడి సాయంత్రపు జ్వరం, రాత్రి చెమటలు, తగ్గని దగ్గు, తెలియకుండానే బరువు తగ్గడం ఉంటే, ప్రయాణం సంగతి వైద్యుడు అడగకపోయినా చెప్పాలి. మెడ దగ్గర బిళ్ళ కట్టినా, పొట్టలో నీరు చేరినా చెప్పాలి. ఈ మందు మీద ఉన్నవారిలో క్షయ తరచు ఊపిరితిత్తిని వదిలి అలాంటి చోట్లే కనిపిస్తుంది.